మీది ఏ మిషను?
తెలుగు క్రైస్తవ సంఘాల ఐక్యతా ప్రయత్నం



ఇద్దరు తెలుగు క్రైస్తవులు కొత్తగా కలుసుకున్నారనుకోండి. ఊరు, పేరు, ఉద్యోగం అయ్యాక "మీది ఏ మిషనండీ?" అనే ప్రశ్న వచ్చి తీరుతుంది. బిలాస్‌పూర్ వంటి రైల్వే ఊళ్లో ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వినిపిస్తుంది. ఒకరు బాప్తిస్టు అంటారు, ఇంకొకరు లూథరన్ అంటారు, మరొకరు సి.ఎస్.ఐ. అంటారు. మీలో క్రైస్తవులు కానివారికి ఇది వింతగా తోచవచ్చు. బైబిలు ఒకటే, క్రీస్తు ఒకడే, మరి ఇన్ని పేర్లు ఎందుకు? క్రైస్తవ విద్యార్థుల్లో కూడా చాలామందికి తమ శాఖ పేరు తెలుసు గాని, ఆ పేరు తమ ఇంటికి ఏ దారిన వచ్చిందో తెలియదు.

నేను సైన్సు పాఠాలు చెప్పే మనిషిని. ఒక లక్షణం ఎక్కడ కనిపిస్తుందో ముందు పటం మీద గుర్తించి, ఆ తర్వాతే కారణం వెతకమని మా శాస్త్రం నేర్పుతుంది. తెలుగు దేశంలో క్రైస్తవ శాఖలను అలా పటం మీద గుర్తించి చూడండి. గుంటూరు చుట్టుపక్కల లూథరన్లు. నెల్లూరు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్తిస్టులు. కాకినాడ నుంచి శ్రీకాకుళం దాకా కెనడా బాప్తిస్టులు. మచిలీపట్నం, కృష్ణా జిల్లాలో ఆంగ్లికన్లు. మెదక్‌లో బ్రిటిష్ మెథడిస్టులు. కడప, గుత్తి ప్రాంతాల్లో లండన్ మిషను. మహబూబ్‌నగర్ వైపు మెన్నొనైట్ బ్రెదరన్. రంగులు వేస్తే జిల్లాల పటంలాగే వస్తుంది. ఆత్మపరిశీలన చేసుకుని, వేదాంత గ్రంథాలు చదివి, "లూథర్ చెప్పిందే సరి" అని గుంటూరు జిల్లావాళ్లు, "కాదు, ముంచి ఇచ్చే బాప్తిస్మమే సరి" అని ఒంగోలువాళ్లు విడివిడిగా నిర్ణయించుకుంటే ఇంత చక్కని సరిహద్దులు ఏర్పడవు కదా!

కారణం వేరే ఉంది. 1805లో లండన్ మిషను విశాఖపట్నంలో అడుగుపెట్టింది. 1841లో చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నం వచ్చారు. 1842లో లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరారు. 1874లో కెనడా బాప్తిస్టులు కాకినాడలో పని మొదలుపెట్టారు. ఇలా వచ్చిన మిషన్లు ఒకరి ప్రాంతంలో ఇంకొకరు అడుగుపెట్టకూడదని తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయి. ఫలానా తాలూకా మీది, ఫలానా ఏటికి అవతల మాది అన్న పంపకం అది. కాథలిక్కులు ఈ ఒప్పందాల్లో లేరు. ఆ పంపకంలో మంచి లేకపోలేదు. ఒకే ఊళ్లో రెండు మిషన్లు పోటీపడి రెండు బడులు పెట్టే బదులు రెండు ఊళ్లలో రెండు బడులు వచ్చాయి. కాని దాని పర్యవసానం చూడండి. మీ ముత్తాత ఏ తాలూకాలో పుట్టాడో దాన్ని బట్టి మీ శాఖ నిర్ణయమైపోయింది. కొన్నిచోట్ల మిషన్లు తమ ఫీల్డును ఇంకో మిషనుకు అప్పగించి వెళ్లిపోయాయి. విశాఖపట్నంలో లండన్ మిషను పని 20వ శతాబ్ది మొదట్లో కెనడా బాప్తిస్టుల చేతికి వచ్చింది. విశ్వాసి అక్కడే ఉన్నాడు, గుడి మీద పేరు మారింది.

ఈ ఏర్పాటు ఎవరూ ఊరు కదలనంత కాలం సాగుతుంది. రైలు వచ్చాక జనం కదిలారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. నాగపూర్ నుంచి ఛత్తీస్‌గఢ్ వైపు అప్పటికే ఉన్న మీటర్ గేజి లైనును తీసుకుని, బ్రాడ్ గేజిగా మార్చి, బిలాస్‌పూర్ మీదుగా తూర్పుకు పొడిగించింది. 1902లో ఇదే కంపెనీ వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు కోస్తా లైనును కూడా తీసుకుంది. 1931లో విజయనగరం, రాయ్‌పూర్‌ల మధ్య కొండల గుండా లైను పూర్తయింది. అంటే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల మనిషికి ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్, నాగపూర్ అన్నీ ఒకే కంపెనీ ఊళ్లయ్యాయి. గ్యాంగ్‌మెన్, ఫైర్‌మెన్, ఫిట్టర్లు, గుమాస్తాలుగా తెలుగువాళ్లు వచ్చి స్థిరపడ్డారు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2003లో ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైంది.

ఊరు కదిలిన క్రైస్తవ కుటుంబానికి ఎదురయ్యే చిక్కు ఏమిటి? శ్రీకాకుళం బాప్తిస్టు, గుంటూరు లూథరన్, మచిలీపట్నం ఆంగ్లికన్ ఒకే వరసలో క్వార్టర్లలో ఉంటారు. డ్యూటీ ఒకటే, నీళ్ల కొళాయి ఒకటే. ఆదివారం మాత్రం ఎవరి గుడి వారు వెతుక్కోవాలి. ఇక్కడున్న గుడి వీళ్లలో ఎవరిదీ కాదు. బిలాస్‌పూర్‌లో 1885లో పని మొదలుపెట్టింది 'డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్' అనే అమెరికన్ శాఖ. దాని పేరు కూడా మన జిల్లాల్లో వినిపించేది కాదు. పైగా అక్కడ ఆరాధన హిందీలో.

కలిసి పాడుకోవడానికి, ప్రార్థించడానికి పెద్ద అడ్డేమీ లేదు. నిజానికి తెలుగు ప్రొటెస్టెంట్లకు ఒక ఉమ్మడి ఆస్తి ముందునుంచీ ఉంది. అది 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే పాటల పుస్తకం. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనను లూథరన్లు పాడతారు, బాప్తిస్టులు పాడతారు, సి.ఎస్.ఐ. వారూ పాడతారు. రచయితది ఏ మిషనని అడిగేవారు లేరు. రాగం, తాళం అందరికీ తెలిసినవే. సంఘాల పెద్దలు బల్ల చుట్టూ కూర్చుని చేసిన ఏ తీర్మానం కంటే ఈ పుస్తకం చేసిన పనే పెద్దదని నా అభిప్రాయం. బైబిలు కూడా అంతే. గ్రీకులోని 'బాప్తిస్మ' అన్న మాటను తెలుగులో 'ముంచుట' అని అనువదిస్తే బాప్తిస్టులకు నచ్చేది, తల మీద నీళ్లు చల్లేవారికి నచ్చేది కాదు. తెలుగు బైబిలులో ఆ గ్రీకు మాటే 'బాప్తిస్మము'గా నిలిచిపోవడంతో ఇరుపక్షాలూ ఒకే పుస్తకం చదువుకోగలిగారు. బెంగాలీ అనువాదంలో బాప్తిస్టులు ముంచడం అన్న అర్థమిచ్చే మాట వాడినందుకు 1830లలో బైబిలు సొసైటీలతో పెద్ద తగాదా నడిచింది.

అడ్డు వచ్చేది రెండు చోట్ల. మొదటిది బాప్తిస్మం. పసిబిడ్డకు ఇవ్వవచ్చునా, లేక ఊహ తెలిసి తానుగా విశ్వసించిన వ్యక్తికే ఇవ్వాలా? బాప్తిస్టులు రెండోదే సరి అంటారు, అదీ నీళ్లలో ముంచి. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మందికి అలా బాప్తిస్మమిచ్చిన చరిత్ర ఒంగోలు మిషనుది. వారి దృష్టిలో పసితనంలో ఇచ్చింది అసలు బాప్తిస్మమే కాదు. అలాంటప్పుడు పక్క క్వార్టరులోని లూథరన్ సోదరుణ్ని పూర్తి సభ్యుడిగా ఎలా చేర్చుకోవాలి?

రెండోది, ప్రభువు భోజనపు బల్ల దగ్గర ఎవరు నిలబడాలన్నది. ఆంగ్లికన్లకు బిషప్పు చేతులుంచి అభిషేకించిన గురువే ఆ సంస్కారం జరపాలి. ఆ బిషప్పును అంతకుముందు బిషప్పులు, వారిని అంతకుముందువారు, ఇలా అపొస్తలుల దాకా గొలుసు ఉండాలి. ప్రెస్బిటేరియన్లకు బిషప్పులు లేరు, పెద్దల సభ ఉంటుంది. కాంగ్రిగేషనల్ వారికి స్థానిక సంఘమే తన పాస్టరును పిలుచుకుంటుంది. ఒకరి పాస్టరు ఇంకొకరికి పాస్టరే కాడు.

బయటివారికి ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. రైల్వే ఊరి పిల్లలు మీరు, మీకు గేజి అంటే తెలుసు. మీటర్ గేజిలో పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లు, బ్రాడ్ గేజిలో 1,676. రెండింటి మీదా నడిచేవి రైళ్లే. రెండూ సరుకు మోస్తాయి, రెండూ మనుషుల్ని ఊరికి చేరుస్తాయి. కాని ఒక గేజి బండి ఇంకో గేజి పట్టాల మీదికి ఎక్కదు. గేజి మారే స్టేషనులో ప్రతి మూటా దించి మళ్లీ ఎక్కించాలి. ఏ గేజి గొప్పదని వాదించుకుంటే ఆ మూటలు కదలవు. సంఘాల ఐక్యత చర్చల్లో ముప్పై ఏళ్లు తీసుకున్నది ఈ రకం చిక్కే.

ఈ చర్చలకు ఊపిరి పోసిన ఊరు కూడా ఒక రైల్వే జంక్షనే. సింగరేణి బొగ్గు గనులకు లైను చీలే డోర్నకల్ అది. అక్కడ బిషప్పుగా పనిచేసిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో తమిళ కుటుంబంలో పుట్టారు. తెలుగు నేర్చుకుని తెలుగువారి మధ్య జీవితం గడిపారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. అంతకు రెండేళ్ల ముందు, 1910 ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, తెల్ల మిషనరీలు త్యాగాలు చేశారు గాని భారతీయులను సాటి స్నేహితులుగా చూడలేదని సభాముఖంగా చెప్పిన ధైర్యశాలి. అప్పటికి ఆయన వయసు 35.

1919 మే 1, 2 తేదీల్లో తరంగంబాడిలో 33 మంది సమావేశమయ్యారు. వారిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే, అజరయ్య వారిలో ముఖ్యులు. 1706లో మన దేశానికి వచ్చిన తొలి ప్రొటెస్టెంట్ మిషనరీలు దిగిన రేవు తరంగంబాడి. ఆ సమావేశం వెలువరించిన ప్రకటన సారాంశం ఇది: ఈ చీలికలు మేము తెచ్చుకున్నవి కావు, మా మీద బయటినుంచి వచ్చి పడినవి, ఇన్ని ముక్కలుగా ఉండి దేశం ముందు నిలబడలేము. యూరపులో 16వ, 17వ శతాబ్దాల తగాదాలకు తరంగంబాడిలోనో డోర్నకల్‌లోనో పుట్టినవాడు ఎందుకు వారసుడు కావాలన్నదే వారి ప్రశ్న. 1927లో లోజాన్ ప్రపంచ సభలో కూడా అజరయ్య ఇదే ధోరణిలో మాట్లాడారు. పాశ్చాత్య దేశాల్లో ఐక్యత ఒక మంచి ఆలోచన కావచ్చు, మా దగ్గర అది బతుకు సమస్య అన్నారు.

చీలికలు బయటినుంచే వచ్చాయన్న మాట పూర్తి నిజం కాదని ఇక్కడ నేను చెప్పాలి. మొదటి శతాబ్దంలోనే కొరింథు సంఘంలో నేను పౌలు వాణ్ని, నేను అపొల్లో వాణ్ని అని జట్లు కట్టిన సంగతి పౌలు లేఖలోనే ఉంది. మన దేశంలోనైతే మిషనరీలు తెచ్చిన గోడలు కాక మనవే ఇంకో రకం గోడలున్నాయి. అజరయ్యకు అది బాగా తెలుసు. 1935లో డాక్టర్ అంబేడ్కర్ తాను హిందువుగా చనిపోనని ప్రకటించాక ఆయనా అజరయ్యా కలుసుకున్నారు. అప్పుడు అంబేడ్కర్ రెండు ప్రశ్నలు అడిగారని అజరయ్య చెప్పుకున్నట్టు ఆయన జీవితచరిత్రలో ఉంది. మేము క్రైస్తవులమైతే ఎక్కడున్నా ఒకే సంఘంగా ఉండగలమా అన్నది ఒకటి. కుల భేదం జాడ లేకుండా ఉండగలమా అన్నది రెండోది. రెండింటికీ అవునని చెప్పలేకపోయినందుకు జీవితంలో ఎన్నడూ లేనంత సిగ్గుపడ్డానని అజరయ్య అన్నారట.

ఈ రెండు ప్రశ్నలను గుర్తుంచుకోండి. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నమే 1947.

ఆ ఏడాది సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసు సెయింట్ జార్జి కథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ప్రారంభమైంది. సి.ఎస్.ఐ. అంటున్నది దీన్నే. ఆంగ్లికన్ డయోసిస్‌లు, దక్షిణ భారత మెథడిస్టులు, అప్పటికే 1908లో ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వారు కలిసి ఏర్పరచుకున్న దక్షిణ భారత ఐక్య సంఘం, ఈ మూడు పాయలూ ఒకటయ్యాయి. సభ్యులు సుమారు పది లక్షలు. బిషప్పులున్న శాఖ, బిషప్పులు లేని శాఖలు ఇలా ఒకే సంఘంగా కలవడం ప్రపంచంలో అదే మొదటిసారి. అజరయ్య అది చూడలేదు. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూశారు.

గేజి చిక్కును ఎలా విప్పారన్నది ఆసక్తికరం. ఇకమీదట అభిషేకాలన్నీ బిషప్పుల చేతనే జరగాలన్నారు. ఇప్పటికే ఉన్న పాస్టర్లకు మాత్రం మళ్లీ అభిషేకం అక్కర్లేదు, ఎవరు ఎలా అభిషేకం పొందినా అందరూ ఈ సంఘం పాస్టర్లే. ముప్పై ఏళ్లపాటు పాత గేజి, కొత్త గేజి పక్కపక్కనే నడుస్తాయి. ఈలోగా పాతవారు పదవీ విరమణ చేస్తారు, కొత్తవారు వస్తారు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షికి నచ్చని పద్ధతిని గాని పాస్టరును గాని రుద్దబోమని మాట కూడా ఇచ్చుకున్నారు. పరిపాలనలో మూడు సంప్రదాయాలూ నిలిచాయి. ఆంగ్లికన్లనుంచి బిషప్పు, ప్రెస్బిటేరియన్లనుంచి ఎన్నికైన సభలు, కాంగ్రిగేషనల్ వారినుంచి స్థానిక సంఘానికి కొంత స్వేచ్ఛ. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చి మీకు ఫొటోల్లోనైనా తెలుసు. దాన్ని కట్టించిన బ్రిటిష్ మెథడిస్టులకు బిషప్పులే లేరు. 1947 తర్వాత అది బిషప్పు పీఠమైంది.

ఇదంతా సులువుగా జరగలేదు. ఇంగ్లండులో పెద్ద దుమారం లేచింది. ప్రసిద్ధ కవి టి.ఎస్. ఇలియట్ ఈ పథకాన్ని ఖండిస్తూ 1943లో ఒక కరపత్రమే రాశాడు. లండన్‌లో కూర్చున్న మహాకవికి రాయలసీమ పల్లెల్లో ఏ పాస్టరు సంస్కారం ఇవ్వాలన్నది అంత పెద్ద సమస్య కావడం నాకు కొంచెం విచిత్రంగానే ఉంటుంది. కాని ఆయన భయం పూర్తిగా వట్టిది కాదు. అర్థం స్పష్టం చేసుకోకుండా మాటలతో సర్దుకుంటే ఐక్యత మిగలదు, పేరు మాత్రం మిగులుతుందన్నదే ఆ భయం. ఇక్కడ నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లు కూడా 1947లో చేరలేదు. దశాబ్దాలు గడిచాకే నంద్యాల సి.ఎస్.ఐ. డయోసిస్ అయింది. లూథరన్లతో చర్చలు ఏళ్ల తరబడి నడిచినా ఫలించలేదు. తెలుగు బాప్తిస్టులు రాలేదు. కాబట్టి శ్రీకాకుళం, ఒంగోలు, గుంటూరులకు సంబంధించినంతవరకు పటం మీద రంగులు అలాగే ఉండిపోయాయి.

ఇక బిలాస్‌పూర్ సంగతికి వద్దాం. ఉత్తరాదిన ఐక్యత 1970 నవంబరు 29న నాగపూర్‌లో జరిగింది. ఉత్తర భారత సంఘం, అంటే సి.ఎన్.ఐ.లో ఆరు శాఖలు కలిశాయి. ఆంగ్లికన్లు, ఉత్తర భారత ఐక్య సంఘం, బాప్తిస్టులు, బ్రెదరన్, బ్రిటిష్ ఆస్ట్రేలియన్ సంప్రదాయపు మెథడిస్టులు, డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్. ఇక్కడ గేజి మార్పిడి వేరే పద్ధతిలో జరిగింది. ముప్పై ఏళ్లు ఆగలేదు. ప్రారంభ ఆరాధనలోనే శాఖల ప్రతినిధులు ఒకరి మీద ఒకరు చేతులుంచి ప్రార్థించారు. ఎవరి అభిషేకం అసలైనది, ఎవరిది కొరత అన్న తీర్పు చెప్పకుండా అందరినీ ఒకే వరసలో నిలబెట్టారు. బాప్తిస్మం విషయంలో పసిబిడ్డల బాప్తిస్మం, విశ్వసించిన పెద్దల బాప్తిస్మం రెండింటినీ ఒకే సంఘంలో సమానమైన పద్ధతులుగా అంగీకరించారు. దక్షిణాదిన బాప్తిస్టులు దాటలేని గోడను ఉత్తరాదిన బాప్తిస్టులు దాటగలిగారన్నది గమనించండి.

బిలాస్‌పూర్‌కు ఇందులో ప్రత్యేకమైన సంబంధం ఉంది. డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్ అన్న శాఖ అమెరికాలో 19వ శతాబ్ది మొదట్లో పుట్టింది. ఎందుకు పుట్టింది? శాఖలు వద్దు, పేర్లు వద్దు, ఒప్పుకోలు పత్రాల మీద తగాదాలు వద్దు, క్రీస్తు శిష్యులమంటే చాలు అన్న ఐక్యతా ఉద్యమంగా పుట్టింది. థామస్ కాంప్‌బెల్ 1809లో దాని మూలప్రకటన రాశాడు. కొంతకాలానికి ఏమైంది? శాఖలు వద్దన్నవారే ఇంకో శాఖ అయ్యారు. ఆపైన తమలోనూ చీలారు. ఆ శాఖ 1885లో బిలాస్‌పూర్ వచ్చి బడి, ఆసుపత్రి, గుడి కట్టింది. ఊళ్లోని జాక్‌మన్ మెమోరియల్ ఆసుపత్రి వారి పనిలో భాగమే. 1970లో ఇక్కడి డిసైపుల్స్ తమ పేరును వదులుకుని ఐక్య సంఘంలో చేరారు. అంటే 1809లో అమెరికాలో అనుకున్నది, అమెరికాలో కాక, మహానదీ లోయలో 161 ఏళ్ల తర్వాత కొంతవరకైనా జరిగింది. ఛత్తీస్‌గఢ్‌లోనే 1868లో బిస్రాంపూర్‌లో ఆస్కర్ లోర్ మొదలుపెట్టిన జర్మన్ అమెరికన్ మిషను సంఘాలు కూడా ఉత్తర భారత ఐక్య సంఘం ద్వారా ఇందులో కలిశాయి. బిలాస్‌పూర్‌కు తూర్పున అదే రైలు మార్గంలో ఉన్న చాంపాలో మెన్నొనైట్లు మాత్రం చేరలేదు. కుష్ఠురోగుల సేవకు పేరుపడినవారు వాళ్లు. వారిది యుద్ధాన్ని నిరాకరించే ప్రత్యేక సాక్ష్యం, వయోజన బాప్తిస్మం కోసం యూరపులో ప్రాణాలిచ్చిన చరిత్ర. అలాంటి స్మృతి ఉన్నవారిని ఎందుకు కలవలేదని నిలదీయడం నాకు న్యాయంగా తోచదు.

కలిసినచోట కూడా కాగితాల మీద తేలని విషయాలున్నాయి. గుజరాత్‌లోని బ్రెదరన్ సంఘం ఆస్తుల వివాదంలో 2013లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఐక్యమవుతున్నామని తీర్మానం చేసినంత మాత్రాన చట్టప్రకారం నమోదైన పాత సంఘం రద్దు కాదని, దాని ఆస్తులు కొత్త సంఘానికి రావని ఆ తీర్పు సారాంశం. విశ్వాసుల్లో రెండో తరం, మూడో తరం మళ్లీ పాత పేర్లు పట్టుకుని కోర్టుకెక్కడం చూస్తే, ఐక్యత ఎంతవరకు పైనుంచి వచ్చింది, ఎంతవరకు కిందనుంచి వచ్చింది అన్న సందేహం కలుగుతుంది.

ప్రపంచంలోనూ ఈ పని సాగింది. 1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రపంచ సంఘాల మండలి ఏర్పడింది. 1964లో రెండో వాటికన్ మహాసభ ఇతర శాఖల క్రైస్తవులను సోదరులుగా గుర్తిస్తూ ప్రత్యేక పత్రం వెలువరించింది. లూథరన్లను, కాథలిక్కులను విడదీసిన మూల సిద్ధాంతం మీద ఇరుపక్షాలు 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. అవి కలిసిపోలేదు. ఎక్కడ ఏకీభవిస్తున్నామో, ఎక్కడ ఇంకా భేదం ఉందో స్పష్టంగా రాసుకున్నాయి. సైన్సు చదివేవారికి ఈ పద్ధతి నచ్చుతుంది.

మన దేశంలో 1978లో సి.ఎస్.ఐ., సి.ఎన్.ఐ., మార్తోమా సంఘాలు ఉమ్మడి మండలి ఏర్పరచుకున్నాయి. ఒకరి పాస్టర్లను ఒకరు, ఒకరి సభ్యులను ఒకరు అంగీకరిస్తారు. కాబట్టి మెదక్‌నుంచో మచిలీపట్నంనుంచో బదిలీ మీద బిలాస్‌పూర్ వచ్చిన సి.ఎస్.ఐ. కుటుంబానికి ఇక్కడి సి.ఎన్.ఐ. గుడిలో సంస్కారపు బల్ల పరాయిది కాదు. శ్రీకాకుళం బాప్తిస్టు కుటుంబానికి, గుంటూరు లూథరన్ కుటుంబానికి అలాంటి ఒప్పందం లేదు. వారిని ఆదరిస్తున్నది ఇరుగుపొరుగు మర్యాద, ఉమ్మడి పాటల పుస్తకం. ఇవి రెండూ తక్కువవి కావు. కాని పెళ్లికి, అంత్యక్రియలకు, పిల్లల బాప్తిస్మానికి ఏ రిజిస్టరులో పేరు రాయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మర్యాద సరిపోదు.

అంబేడ్కర్ అడిగిన రెండో ప్రశ్న మిగిలింది. ఈ ప్రశ్నకు ఏ కథీడ్రల్‌లోనూ ప్రారంభోత్సవం జరగలేదు. తెలుగునాట మిషన్ల పంపకం పటం మీద ఇంకో పటం కూడా ఉంది. ఒక మిషనులో మాల కుటుంబాలు ఎక్కువ, ఇంకో మిషనులో మాదిగ కుటుంబాలు ఎక్కువ. ఒంగోలు బాప్తిస్టు మిషను తొలి విశ్వాసుల్లో ముఖ్యుడైన యర్రగుంట్ల పేరయ్య మాదిగ కుటుంబీకుడు. ఒకే సంఘంలో రెండు కులాలవారున్నచోట ఒకే బల్ల దగ్గర కలిసి తీసుకోవడానికి కూడా జంకిన రోజులున్నాయి. అజరయ్య తన డయోసిస్‌లో దీనితో జీవితాంతం పోరాడారు. శాఖల పేర్లతో జరిగినట్టు కనిపించే కొన్ని తగాదాలు తరచి చూస్తే కులం తగాదాలే. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో బి.సి.-సి వర్గంలో చేర్చారు. చట్టం దృష్టిలో కులం మారింది. వీధి దృష్టిలో మారిందా అన్నది మీరు చూసి చెప్పాల్సిన సంగతి.

చూసి చెప్పడానికి ఒక పద్ధతి కూడా సూచిస్తాను. ఒక నెలపాటు ఆదివారం తెలుగు పత్రికల్లో వచ్చే క్రైస్తవ వధూవరుల ప్రకటనలు కత్తిరించి దాచండి. కాగితం మీద రెండు నిలువు గళ్లు గీయండి. ప్రకటనలో మిషను పేరు అడిగితే మొదటి గడిలో ఒక గీత, కులం పేరు అడిగితే రెండో గడిలో ఒక గీత. రెండూ అడిగితే రెండింటిలోనూ వేయండి. ఏదీ అడగనివాటిని విడిగా లెక్కపెట్టండి. ఒకే ప్రకటన రెండు వారాలు వస్తే ఒకసారే లెక్కించాలి. ఆ కాగితం మీ ఇంట్లో పెద్దలకు చూపించి, వారి పెళ్లి రోజుల్లో ఏ గడి నిండేదో అడిగి పక్కన రాసుకోండి.